చివరిదాకా చదువు

జీతాల కిటికీ ముందు నిలబడి కెస్సీ కవరు చింపింది. లోపలి జీతం చీటీని ఒకసారి చదివింది. కళ్ళజోడు తీసి తెల్లకోటు అంచుకు తుడుచుకుని మళ్ళీ చదివింది. చక్కెర మిల్లు పాన్ హౌస్ ఇనప మెట్ల మీదనుంచి సీతారాములు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మూడోసారి చదివాక ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, వెనకున్న వాళ్ళకి దారిచ్చి పక్కకి తప్పుకుంది. అరిచి ఉంటే బాగుండేది. సీతారాములు మెట్లు దిగి కిందికి వచ్చాడు.

ఆ రోజు శుక్రవారం. ముందురోజే దేశమంతా పండుగ చేసుకుంది. తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటేసి ఏడాది నిండింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, నల్లజాతి జులూ కార్మికుల మధ్య ఒకే వరసలో ఆరు గంటలు నిలబడి ఓటేసిన సీతారాములు, ఆ రోజు ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పిన మాట ఒక్కటే. "ఇంక మనల్ని ఎవుడూ మోసం చెయ్యలేడే బాగ్గెం." ఆ మాట అని ఏడాది తిరిగిందో లేదో, ఇదిగో ఈ చీటీ.

మిల్లు ఉంజింటో దగ్గర. చుట్టూ చెరుకు. సీతారాములు నలభై ఒక్క ఏళ్ళుగా అక్కడ పాకం చూస్తాడు. పాన్ అనే ఇల్లంత ఇనప పాత్రలో చెరుకు రసం ఉడుకుతుంటే, పక్కనున్న గొట్టంలోంచి చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య రుద్ది, చక్కెర గింజ పట్టిందో లేదో చెబుతాడు. అతను చెప్పాకే పాను దించుతారు. యంత్రాలు తప్పు చెప్పొచ్చు గానీ సీతారాములు వేళ్ళు చెప్పవని ఇంజనీర్లే అంటారు. అంటారు గానీ కాగితం లేని పనితనానికి జీతం పెంచరు. తన తమ్ముడు కిష్టసామి బాయిలరు దగ్గర కాలి చచ్చిపోయినప్పుడు నాలుగేళ్ళ కస్తూరిని చంకనేసుకుని వచ్చింది అందుకే, దీనికి మాత్రం కాగితం ఉండాలని. ఆ కస్తూరే మిల్లులో కెస్సీ. ఇరవై మూడేళ్ళు. పగలు రసం పరీక్షించే టెస్ట్ హౌస్‌లో పని, శనివారాలు డర్బన్ కాలేజీలో చదువు. ఇది ఆఖరి సంవత్సరం. ఫీజు మిల్లు కడుతుంది.

కిటికీ దగ్గర గొడవ మొదలైంది. కెస్సీలాగా పనిచేస్తూ చదువుకునేవాళ్ళు మిల్లులో ఇరవై ఒక్కమంది. ఇరవై ఒక్క చీటీల్లోనూ జీతంలో అదే కొత్త కోత. మూటలు కుట్టే చోట పనిచేసే ప్యాట్రీషియా, నలభై దగ్గర పడ్డ జులూ మనిషి, యూనియన్‌లో నోరున్న మనిషి, మెట్రిక్ పరీక్షకి చదువుతున్న మనిషి, చీటీని కిటికీ చువ్వలకి అదిమిపెట్టి అడిగింది.

"ఈ మాటేమిటి లయొనెల్? ఫ్రింజ్ బెనిఫిట్ అంటే ఏమిటి?"

లయొనెల్ పర్సొనెల్ ఆఫీసరు. మిల్లు కూలీల బ్యారక్స్‌లో సీతారాములు ఇంటి పక్కింట్లోనే పుట్టి పెరిగాడు. అంతదాకా తెల్లవాళ్ళదైన ఆ కుర్చీలో కిందటేడే కూర్చున్నాడు.

"మీ ఫీజు మేం కడుతున్నాం కదా. అది కూడా మీ జీతమే అంటుంది గవర్నమెంటు. జీతం మీద పన్ను పడదా?"

"ఆ డబ్బు నా చేతికి ఎప్పుడొచ్చింది?"

"చేతికి రాకపోయినా వచ్చినట్టే లెక్క."

"తినని కూటికి కూడా పన్నా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

లయొనెల్ నవ్వాడు. "గవర్నమెంటు ఇప్పుడు మీదే కదా. వెళ్ళి మీవాళ్ళనే అడగండి." కిటికీ రెక్క మూసేశాడు.

ఇంటికి వెళ్ళాక సీతారాములు ఆ మాటని విప్పడానికి చూశాడు. ఫ్రింజ్ అంటే కొంగు అంచున వేలాడే కుచ్చు అని అతనికి తెలుసు. అదే భాగ్యానికి చెప్పాడు.

"కుచ్చా? మా సెడ్డ దొంగనాకొడుకులు," అంది భాగ్యం. "సీర ఎలాగా ఇవ్వరు. ఉన్న కుచ్చు కూడా కోసుకుపోతారేటి?"

కెస్సీ పడీపడీ నవ్వింది. ఆ పిల్ల మాట్లాడేదంతా ఇంగ్లీషే. వరసలు, కూరల పేర్లు, దేవుడి మాటలు కొన్ని తెలుగులో వచ్చు. తిట్లు మాత్రం అన్నీ వచ్చు. పెద్దమ్మ దగ్గర శ్రద్ధగా నేర్చుకుంది. నవ్వడం అయ్యాక పుస్తకం తీసి కూర్చుంది. ఆ నవ్వులో పడి, కోత ఎందుకు పడిందని ఆ ఇంట్లో ఎవరూ రెండోసారి అడగలేదు. అడగవలసిన మనిషి సీతారాములే. ఎందుకంటే ఆ కోతకి మొదటి గీత గీసింది అతని చెయ్యే. అది అతనికి అప్పటికి తెలియదు.

ఆ గీత సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో మిల్లు చదువుకునే వాళ్ళందరికీ కొత్త ఫారాలు పంచింది. బ్యారక్స్ వెనక భజన హాల్లో మీటింగు పెట్టుకున్నారు. గుమ్మం బయట గమ్‌బూట్లు వరసగా విడిచి జులూ కార్మికులు కూడా లోపలికొచ్చి చాప మీద కూర్చున్నారు. ఫారం చదవమని పెద్దమనిషిగా సీతారాములుకే ఇచ్చారు. అతను ఇంగ్లీషు నెమ్మదిగా, వేలు పెట్టి చదువుతాడు. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. "నేను చదువు పూర్తి చెయ్యకపోతే కంపెనీ కట్టిన ఫీజు తిరిగి చెల్లిస్తానని ఒప్పుకుంటున్నాను."

అతని కళ్ళ ముందు నాయనమ్మ కదిలింది. బొటనవేలు ఎత్తి చూపిస్తూ ఆవిడ చెప్పిన మాట అతని చెవుల్లోంచి ఎన్నడూ పోలేదు. ఇండియాలో ఓడ ఎక్కేముందు వేలిముద్ర వేయించుకున్న ఆ కూలి ఒప్పందాన్ని ఆ ముసలమ్మ గిరిమిట్టు అనేది. "ఐదేళ్ళన్నారురా. కాయితం మీద ఏలు పెట్టినాను. జరం వొచ్చిన దినాలు కలిపినారు. పురిటి దినాలు కలిపినారు. పదకొండేళ్ళు కోసినాను సెరుకు. దొరకి మళ్ళీ ఇస్తానని కాయితం మీద ఎన్నడూ ఒప్పుకోకురా సీతా."

"ఇది గిరిమిట్టు!" అన్నాడు సీతారాములు. ఫారం ఎత్తి అందరికీ చూపించాడు. "సదువు పేరు పెట్టి మళ్ళీ మన మెడకి తాడు ఏస్తన్నారు. ఈ మాట కొట్టేసి సంతకం పెట్టండి. ఒక్కడూ ఒప్పుకోవద్దు."

హాలంతా చప్పట్లు. అతను చెప్పింది జులూలోకి మార్చినప్పుడు ఇంకా గట్టిగా చప్పట్లు. వాళ్ళ తాతలు కూడా ఇలాంటి కాగితాల మీద వేలు పెట్టి మోసపోయినవాళ్ళే మరి.

కెస్సీ ఒక్కతే లేచింది. "ఉండనీ పెద్నానా. నేను ఫెయిల్ అవను. ఆ మాట ఉంటే ఏం?"

"నోర్ముయ్యే గుంటా! మీ నాన ఏ కాయితం సూసి బాయిలరు కాడికి ఎల్లినాడు? నీకేటి తెలుసు?"

కెస్సీ ఫారం అతనికిచ్చేసింది. భజన పుస్తకం అంచు పెట్టి, సీతారాములు మొదటి గీత ఆమె ఫారం మీదే గీశాడు. ఆ వాక్యం కింద ఇంకో వరస ఉంది. దాన్ని చదవలేదు. దాని మీద కూడా గీత లాగేశాడు. మిగతా ఇరవైమందీ అదే పుస్తకం అంచు అడిగి తీసుకున్నారు. మర్నాడు లయొనెల్ ఆ ఫారాలన్నీ చూశాడు. గీతలు చూశాడు. ఒక్క మాట అనకుండా అన్నిటి మీదా ముద్ర కొట్టాడు. అతను ఏమీ అనకపోవడం తమ గెలుపే అనుకున్నారు వీళ్ళు.

ఏప్రిల్ నుంచి కోత నెలనెలా పడుతూనే ఉంది. లయొనెల్‌ని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ ఒకటే జవాబు విని, ఆగస్టులో ప్యాట్రీషియా ఒక రోజు సెలవు పెట్టి పన్నుల ఆఫీసుకి వెళ్ళింది. పొద్దుటినుంచి బల్ల మీద కూర్చుంటే మధ్యాహ్నానికి ఒక గుమస్తా పిలిచాడు. ఆమె చీటీ చూసి అతను ఒక ప్రశ్న అడిగాడు.

ఆ ఆదివారం భజన హాల్లో ఆ ప్రశ్నే అందరికీ చెప్పింది. ప్యాట్రీషియా ఫనకలో అనే కలగాపులగపు భాషలో మాట్లాడదు. మిల్లులో తెల్లవాళ్ళు కూలీల మీద అరవడానికి పుట్టిన భాష అది అంటుంది. ఇంగ్లీషులో ఒకసారి, జులూలో ఒకసారి చెప్పింది.

"అతను అడిగింది ఒక్కటే. 'చదువు ఆపేస్తే ఫీజు తిరిగి కడతానని మీరు కాగితం రాసిచ్చారా?' ఇవ్వలేదన్నాను. 'ఇచ్చి ఉంటే ఇది జీతం కింద లెక్కకి రాదమ్మా. పన్నే పడదు. ఇవ్వలేదు గనక ఇది మామూలు జీతం' అన్నాడు."

హాల్లో అందరి తలలూ సీతారాములు వైపే తిరిగాయి.

"ఇంకొకటి," అంది ప్యాట్రీషియా. "మన ఇరవై ఒక్కరూ కాక, ఇంజనీర్ల ఆఫీసులో చదువుకునే తెల్లవాళ్ళు పన్నెండుమంది ఉన్నారు. ఒక్కడి ఫారం మీదా గీత లేదు. ఒక్కడికీ కోత లేదు. లయొనెల్‌ని అడిగాను. 'వాళ్ళు అడిగారు, చెప్పాం. మీరు అడగలేదు' అన్నాడు."

"ఆ గీత గీయించింది ఎవరు?" ఒక మూల నుంచి గొంతు లేచింది. "ముసలాయన కాదూ?"

సీతారాములు లేవబోయాడు. అతనికంటే ముందు కెస్సీ లేచింది.

"గీత గీసింది మా పెద్నానే. అందరూ చప్పట్లు కొట్టారు, నాకు గుర్తుంది. ఆయన భయపడ్డాడు. వందేళ్ళుగా మనచేత కాగితాల మీద వేళ్ళు పెట్టించినవాళ్ళు నేర్పిన భయం అది. ఆ గీత చూసి, దాని వల్ల ఏం జరుగుతుందో తెలిసీ, ముద్ర కొట్టి నోరు మూసుకున్నవాడు ఎవడు? వాణ్ణి అడగండి."

ఆ పిల్ల అంత పెద్ద మాట ఎప్పుడు నేర్చుకుందో సీతారాములుకి అర్థం కాలేదు.

పని ఆపుదామంది ప్యాట్రీషియా. అక్కడే మీటింగు చీలిపోయింది. బాయిలరు కార్మికుడొకడు లేచి, "చదువుకునేవాళ్ళు ఇరవై ఒక్కరు. మేం మూడొందలమంది. బళ్ళోకి వెళ్ళేవాళ్ళ పన్ను కోసం మా పిల్లలు ఎందుకు పస్తుండాలి?" అన్నాడు.

"నీ పిల్ల రేపు ఆ ఫారం పట్టుకుని రాదా?" అంది ప్యాట్రీషియా.

"వచ్చినప్పుడు చూద్దాం."

చేతులెత్తమంటే సగం చేతులు కూడా లేవలేదు. అర్జీ మాత్రం పెడదామన్నారు. మళ్ళీ సంతకం పెట్టనివ్వండి, ఇప్పటిదాకా కోసింది సరిచెయ్యండి అని కెస్సీయే రాసింది. రెండు వారాలకి జవాబొచ్చింది. వచ్చే ఏడాది ఫారాల్లో చూద్దాం అని. వచ్చే ఏడాదికి ఆమె చదువే అయిపోతుంది. అర్జీని అందరూ మర్చిపోయారు. ఈ కథ చెబుతున్నది ఆ మర్చిపోయిన వాళ్ళకి కూడా.

ఆ ఆదివారం మీటింగునుంచి ఇంటికి నడుస్తూ సీతారాములు అడిగాడు. "నన్ను తిట్టవేటే?"

"ఎందుకు?"

"నోర్ముయ్యమన్నాను గదే నిన్ను. మీ పెద్దమ్మ నేర్పినాది గదా అన్నీను. తిట్టే. నాకు బాగుంటాది."

కెస్సీ అతని చెయ్యి పట్టుకుంది. పాకం కాలి కాలి గట్టిపడిపోయిన ఆ రెండు వేళ్ళని తన వేళ్ళ మధ్య రుద్ది, గింజ చూస్తున్నట్టు వెలుగులోకి ఎత్తింది. "ఇప్పుడు కాదు. నవంబర్లో పరీక్ష అయిపోనీ. అప్పుడు కూర్చోబెట్టి తిడతాను. మొత్తం. తెలుగులో."

అక్టోబర్లో ఒక శనివారం సాయంత్రం ఆమె జడలో క్యాబేజీ ఆకు కనబడింది. సీతారాములు తీసి చూపించి ఇదేమిటని అడిగితే, మొదట నవ్వింది, తర్వాత చెప్పేసింది. కోత పడ్డాక టాక్సీకి చాలక, డర్బన్ మార్కెట్‌కి కూరగాయలు తీసుకెళ్ళే బక్కీ అనే చిన్న ట్రక్కు వెనక, మూటల మీద కూర్చుని వెళుతోంది. జూన్ నుంచీ అంతే.

"నాను ఇస్తాను టాక్సీకి," అన్నాడు.

"పెద్దమ్మ మందులు ఎవరు కొంటారు?"

భాగ్యానికి చక్కెర జబ్బు. చక్కెర వండే ఇంట్లో చక్కెర జబ్బు అని ఆవిడే వేళాకోళం చేసుకునేది. ఆ పూట ఎవరూ నవ్వలేదు. "ఇంక నాలుగు శనివారాలే పెద్నానా," అంది కెస్సీ.

మూడు శనివారాలు గడిచాయి. నాలుగోది పరీక్ష. ఆ ఉదయం వాన. సీతారాములు పాన్ హౌస్‌లో ఉన్నాడు. పాను దించే వేళయింది. వేళ్ళ మధ్య పాకం రుద్దుతుంటే, మూటల దగ్గరినుంచి ఎన్నడూ ఇటు రాని ప్యాట్రీషియా గమ్‌బూట్లతో ఇనప మెట్లెక్కి వచ్చింది. ఆమె మొహం చూశాడు.

"బాబా," అంది. జులూలో తండ్రిని పిలిచే మాట అది. ఇంతకుముందెప్పుడూ ఆమె అతన్ని అలా పిలవలేదు. "వంతెన మలుపులో బక్కీ బోల్తా పడింది."

సీతారాములు చెయ్యి తనంతట తనే వెళ్ళి చక్రం తిప్పి పాను దించింది. పాకం సరిగ్గా గింజ పట్టింది. ఒక్క పిసరు పాడవలేదు. నలభై ఒక్క ఏళ్ళ అలవాటు. ఆ చేతిని అతను తర్వాత చాలా రోజులు అసహ్యించుకున్నాడు.

కెస్సీ అంత్యక్రియలకి మిల్లంతా వచ్చింది. ఆ మూడొందలమందీ వచ్చారు. ఆ రోజు భజన హాల్లో పస్తుల గురించి అడిగినవాడు సీతారాములు ముందు టోపీ పిసుక్కుంటూ నిలబడి వెళ్ళిపోయాడు. చూడండి, మనకి ఒక్క మనిషి చచ్చిపోతే తప్ప చెయ్యి పైకి లేవదు.

పదో రోజు మిల్లు నుంచి ఒక కవరు వచ్చింది. భాగ్యం గుమ్మంలో అందుకుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"సదువు."

లోపల పూలబొమ్మ కార్డు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం అని. దాని వెనక చీటీ. కెస్సీ ఆఖరి జీతం. ఏడాది మొత్తానికి మిల్లు కట్టిన ఫీజులో మిగిలిన భాగం కూడా ఆ జీతానికే కలిపి, పన్ను ఒకేసారి కోసేశారు. ఇంక కోయడానికి వచ్చే నెల జీతం ఉండదు కదా. సీతారాములు సగం చదివి ఆపేశాడు.

భాగ్యం అతని మీదకి వంగింది. పది రోజులుగా మాటలేని మనిషి.

"ఆపుతావేటి? సగం సదివి ఆపడం నీకు బాగా అలవాటు. సచ్చినోడా, దాని ఫారం కూడా సగమే సదివినావు గదా! సదువు. సివరిదాకా సదువు!"

ఎంత తిట్టినా అది భాగ్యం తిట్టే గానీ, అతనికి రావలసిన తిట్టు కాదు. ఆ తిట్టు ఇంక ఎన్నటికీ రాదు. అది తలుచుకుని ముసలాడు గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి లేచి కెస్సీ పుస్తకాల పెట్టె తెరిచాడు. ఫారానికి కార్బన్ కాగితం పెట్టి తీసిన నకలు అందులో ఉంది. గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. వేలు పెట్టాడు. తిరిగి చెల్లిస్తానని ఒప్పుకుంటున్నాను. ఫిబ్రవరిలో అతని వేలు అక్కడే ఆగింది. ఈసారి కిందికి కదిలింది.

"మరణం, జబ్బు, గాయం కారణంగా చదువు ఆగిపోయినప్పుడు తప్ప."

మళ్ళీ చదివాడు. అది గిరిమిట్టు కాదు. జ్వరం రోజులు కలపదు. పురిటి రోజులు కలపదు. చచ్చిపోతే అడగదు. సంతకం పెట్టి ఉంటే కోత ఉండేది కాదు. కోత లేకపోతే బక్కీ ఉండేది కాదు. నాయనమ్మ భయం నిజమే. కానీ భయపడినవాడు కాగితాన్ని చింపెయ్యాలి, లేదా చివరిదాకా చదవాలి. సగం చదవకూడదు. ఆ మిగతా సగం తెలిసినవాడు కుర్చీలో కూర్చుని ముద్ర కొడుతుంటాడు.

ఆదివారం భజన హాలు పట్టలేదు. గమ్‌బూట్ల వరస రోడ్డు దాకా వెళ్ళింది. సీతారాములు నిలబడి ఆ రెండు వరసలూ తనే చదివాడు, ఇంగ్లీషులో, వేలు పెట్టి. కింది వరస మూడుసార్లు చదివాడు. ప్యాట్రీషియా జులూలో చెప్పింది. అప్పుడు అతను అన్నాడు.

"ఈ గీత నాది. నా పిల్ల నన్ను తిడతానంది. తిట్టకండా ఎల్లిపోనాది. మీరు తిట్టండి."

ప్యాట్రీషియా అతన్ని పట్టుకుని కూర్చోబెట్టింది. "తిట్టే తీరిక మనకి లేదు బాబా. పాను సంగతి చెప్పు. పాను ఆగితే మిల్లు ఎంతసేపు నడుస్తుంది?"

"రెండు పూటలు. రసం పోయడానికి చోటుండదు."

"పాకం లోపలే వదిలేసి వెళితే?" అన్నాడెవరో.

"రాయైపోద్ది." సీతారాములు తలెత్తాడు. "అలాగ ఒగ్గెయ్యను. దించి, కడిగి, ఖాళీ చేసి మరీ ఎల్దాం. మన పని మీద మాట రాకూడదు."

చేతులెత్తమన్నారు. మొదటి చెయ్యి బాయిలరు కార్మికుడిది. ఆ తర్వాత లెక్కపెట్టే అవసరం రాలేదు.

సోమవారం ఉదయం పాన్‌లన్నీ దించి, కడిగి, ఆవిరి కట్టేసి, మెట్లు దిగి వచ్చారు. సాయంత్రానికి గానుగలు ఆగాయి. ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరాయి. రెండో రోజుకి కోసిన చెరుకు పులిసి వాసన కొట్టింది. మూడో రోజు తోటల యజమానులు మిల్లు యజమానులకి ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నం లయొనెల్ గేటు దగ్గరికొచ్చాడు. బల్ల వేయించి, చదువుకునేవాళ్ళకి కొత్త ఫారాలు పంచి, కాగితం తీసి చదివాడు.

"చదువుకునేవాళ్ళు ఈ నెలనుంచి కొత్త ఫారం మీద సంతకం పెట్టొచ్చు. ఇకమీదట కోత ఉండదు. వెనకటిది మాత్రం అయిపోయినట్టే."

జనంలో గుసగుస. ఇది చిన్న గెలుపేం కాదు. చదువుకునే ఇరవైమందిలో నలుగురైదుగురు ముందుకు అడుగేశారు కూడా. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళకీ పరీక్షలున్నాయి.

"కెస్సీ ఫారం?" అంది ప్యాట్రీషియా.

"చనిపోయినవాళ్ళు సంతకం పెట్టలేరు కదా." లయొనెల్ సీతారాములు వైపు చూడలేదు. "అది మూసేసిన ఫైలు అంకుల్. నా చేతిలో లేదు."

"ముద్ర నీ సేతిలోనే ఉందిరా లయొనెల్," అన్నాడు సీతారాములు. "ఆ దినమున్నాది. ఈ దినమున్నాది."

అడుగేసిన వాళ్ళు ఆగారు. వాళ్ళలో ఒక అమ్మాయి, కెస్సీ పక్క బల్ల మీద రసం పరీక్షించే పిల్ల, చేతిలోని కొత్త ఫారాన్ని లయొనెల్ బల్ల మీద తిరిగి పెట్టేసింది. "మొదట ఆమె పేరు. కోసిందంతా తిరిగి వాళ్ళ పెద్దమ్మ చేతిలో పెట్టండి. తర్వాత మా పేర్లు." రెండో ఫారం వచ్చింది. మూడోది వచ్చింది. ఇరవై ఖాళీ ఫారాలూ బల్ల మీద పేర్చి పెట్టారు. అందరూ గేటు ముందు నేల మీద కూర్చున్నారు.

సాయంత్రం కాకముందే పోలీసు వ్యాన్లు వచ్చాయి. కొత్త దేశం, పాత వ్యాన్లు. మిల్లుకి నష్టం చేశాడని మొదట సీతారాముల్నే పట్టుకున్నారు. పాకం చూసే చెయ్యి అతనిదే కదా. ఇన్‌స్పెక్టరు వ్యాను ముందు రేకు మీద ఒక కాగితం పరిచి, పెన్ను తెరిచి ఇచ్చాడు.

"ఇక్కడ సంతకం."

సీతారాములు పెన్ను ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చదవండి," అన్నాడు ఇంగ్లీషులో.

"ఏం లేదులే తాతా, మామూలు కాగితమే."

"మామూలు కాగితమే. చదవండి. నేను వింటాను. చివరిదాకా చదవండి."

ఇన్‌స్పెక్టరు గబగబా రెండు వరసలు గొణిగి ఆపాడు. గేటు ముందు కూర్చున్న జనంలోంచి ప్యాట్రీషియా లేచి నిలబడింది. "ఫుండా!" అని అరిచింది. జులూలో ఆ మాటకి చదవమనీ అర్థమే, చదువుకోమనీ అర్థమే. మూడొందల గొంతులు అందుకున్నాయి. ఫుండా! ఫుండా! ఆడవాళ్ళ మధ్యలోంచి భాగ్యం వాచిన కాళ్ళ మీద లేచి, తన మాటలో అరిచింది. "సదువు! సివరిదాకా సదువు!" పక్కనున్న జులూ ఆడవాళ్ళు ఆ మాట ఏమిటని అడిగారు. ఆవిడ చెప్పింది. రెండు భాషల్లోనూ ఆ మాటకి ఆ రెండు అర్థాలేనని తెలిసి వాళ్ళు దాన్ని కూడా అందుకున్నారు, వంకర టింకరగా, తమ నోళ్ళకి వచ్చినట్టు.

ఇన్‌స్పెక్టరు జనాన్ని చూశాడు. వ్యాన్లను చూశాడు. కాగితం చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుని, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు. సీతారాములు తల వంచి, ఒక్కొక్క మాటా వింటున్నాడు.